వెనక చక్రం బ్రేకూ, నా కుడికాలూ

మొన్నామధ్య కళ్ళద్దాలు మార్పించుకుందామని మార్కాపురం బయలుదేరితే, మా అల్లుడు తన కారులోనే తీసుకువెళతాననీ, కాకపోతే ముందు షెడ్డు దగ్గర ఆగి వెనక బ్రేకులు చూపించుకోవాలనీ అన్నాడు. షెడ్డులో మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. అతను చక్రం విప్పి, డ్రమ్ము ఊడదీసి, లోపల చెమ్మగా మెరుస్తున్న చోటు చూపించి, వీల్ సిలిండర్ కారుతోందని చెప్పి, కొత్తది బిగించాడు. ఇక పైపుల్లో చేరిన గాలి తీయాలి, పెడల్ తొక్కడానికి ఒక మనిషి కావాలి అన్నాడు. అప్పటికి మా అల్లుడు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ రోడ్డు దాకా నడిచి వెళ్ళిపోయాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, "తొక్కేదా అబ్బాయ్?" అన్నాను.

అతను లేచి నిలబడి నా వంక అనుమానంగా చూశాడు. "మీకు తెలుసామ్మా ఈ పని?"

"నువ్వు చెప్పు నాయనా, నేను తొక్కతా."

పెడల్ మీద పాదం ఆనగానే, కారు వెనక నుంచి కనబడని మనిషి గొంతు ఒక్కో మాటే చెబుతూంటే, నాకు కొత్త కోడలినై గిద్దలూరు దగ్గర మా అత్తవారి ఊళ్ళో అడుగుపెట్టిన రోజులన్నీ కళ్ళ ముందుకు వచ్చేశాయి.

నా ఈడు వాళ్ళకు ఆ కాలపు జీపులు గుర్తుండే ఉంటాయి. లోపల మనుషులు, పైన మూటలు, వెనక వేలాడే వాళ్ళు, ఎవరి ఒళ్ళోనో ఒక మేకపిల్ల. అడవి అంచు ఊళ్ళకు బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తే గొప్ప, వాన పడితే అదీ లేదు. అందుకని మా మామ గొర్రెల మందలో సగం అమ్మేసి, వేలంలో ఒక పాత జీపు కొని మా ఆయన చేతికి ఇచ్చారు. మా అత్తకు అది ససేమిరా ఇష్టం లేదు. గొర్రె అయితే ఏటా పిల్లను పెడుతుంది, ఈ ఇనుప గొడ్డు ఏం పెడుతుంది అని, ఆదివారం చర్చి నుంచి వచ్చే దారంతా గొణిగేది. ఆమె మాట పూర్తిగా తప్పు కాదు. ఆ జీపుకు ఎప్పుడూ ఏదో ఒక రోగమే.

మా ఆయనకు బండి పని నేర్పింది ఆయన మేనమామ, అంటే మా అత్తకు సొంత తమ్ముడు. నేనూ ఆయన్ను మామయ్యా అనే పిలిచేదాన్ని. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల దగ్గర ఆయనకు చిన్న షెడ్డు ఉండేది. ఆ చుట్టుపక్కల చెట్లూ రేకులూ మనుషుల కనుబొమ్మలూ అన్నీ పలకల దుమ్ముతో బూడిదరంగులో ఉండేవి. కొలత తప్పి పారేసిన పెద్ద నల్లరాతి పలకను నేల మీద పరుచుకుని, విప్పిన సామానంతా దాని మీద వరుసగా పెట్టేవాడు. మేము పుట్టింటికో చుట్టాలింటికో పోతూ అక్కడ ఆగినప్పుడల్లా నేను ఒక డబ్బా మీద కూర్చుని చూసేదాన్ని. ఆడపిల్లకు ఈ గోలంతా ఎందుకని ఆయన ఎన్నడూ అనలేదు. పైగా నేను చూస్తున్నానని తెలిస్తే ఆయన చేతులు ఇంకా నిదానంగా కదిలేవి.

వీల్ సిలిండరంటే ఏమిటో నాకు ఆ పలక మీదే తెలిసింది. చక్రం డ్రమ్ములో దాక్కుని ఉండే చిన్న ఇనుప గొట్టం అది, బొటనవేలికన్నా కాస్త పెద్దది. లోపల ఒక స్ప్రింగు, దానికి అటూ ఇటూ రెండు రబ్బరు కప్పులు, వాటి వెనక రెండు పిస్టన్లు. మనం పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ పైపుల గుండా వచ్చి ఆ గొట్టంలో నిండి, పిస్టన్లను రెండు పక్కలకూ నెడుతుంది. అవి బ్రేకు షూలను నెడితే, షూలు పోయి డ్రమ్మును పట్టుకుంటాయి. ఇంత బండీ, అంతమంది మనుషులూ ఆగేది ఆ రబ్బరు కప్పుల అంచు మీదే. ఆ అంచు ఒక్క వెంట్రుకంత చిరిగినా ఆయిల్ కారిపోతుంది. ఆ పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఆయిల్ ఒకే దారిలో పోయేది కనుక, ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగు బ్రేకులూ పోయినట్టే.

"ఈ రబ్బరుకు పెట్రోలు గానీ కిరసనాయిలు గానీ తగలకూడదమ్మాయ్. ఉబ్బిపోతుంది. బ్రేకు ఆయిల్‌తోనే కడగాల," అని మామయ్య ఒకసారి నాతో అన్నాడు, బియ్యం కడిగే విషయం చెప్పినంత మామూలుగా.

గాలి తీసే పనికి ఇద్దరు మనుషులు కావాలి. మా ఊళ్ళో మా ఆయనకు దొరికిన రెండో మనిషిని నేనే. ఒకరు సీట్లో కూర్చుని పెడల్‌ను కొన్నిసార్లు తొక్కి, గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం వెనక పడుకుని, సిలిండరుకు ఉండే నిప్పిల్ అనే చిన్న మరను వదులు చేస్తే, గాలి బుడగలతో ఆయిల్ చిమ్ముకుంటూ వస్తుంది, పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంది. నిప్పిల్ మళ్ళీ బిగించేదాకా కాలు తీయకూడదు. తీశారా, బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది, పని మొదటికి వస్తుంది. కొత్తల్లో నేను ఆయన ఏదో అన్నాడనుకుని కాలు తీసేస్తే, ఆయన బండి కిందనుంచి జుట్టంతా ఆయిల్‌తో బయటికి వచ్చి, కోప్పడబోయి, నా మొహం చూసి నవ్వేశాడు. అప్పటినుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. ఆయన "తొక్కు" అంటే నేను "తొక్కినా" అనాలి, "పట్టుకో" అంటే "పట్టుకున్నా" అనాలి, "వదులు" అంటే "వదిలినా" అనాలి. జవాబు వినకుండా ఆయన చెయ్యి కదిపేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో సిగ్గుతో ఇద్దరం సరిగా మాట్లాడుకున్నదే లేదు, ఆ జీపు కిందా పైనా ఉండి మాట్లాడుకున్నదే మా మొదటి మాటలనుకుంటాను.

ఒక ఏడు ఎండాకాలంలో మా ఆడబిడ్డ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమె మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. మాట తక్కువ పిల్ల, ఏది పెట్టినా తినేది, ఏ పని చెప్పినా చేసేది. సరిగ్గా ఆ రోజుల్లోనే జీపు వెనక ఎడమ చక్రం దగ్గర తడి కనబడింది. గిద్దలూరులో ఆ బండికి సరిపడే సిలిండర్ దొరకలేదు. రబ్బర్ల కిట్టు మాత్రం దొరికింది. మా ఆయన పాత గొట్టాన్నే సన్న ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త రబ్బర్లు వేసి, నా చేత తొక్కించి గాలి తీశాడు. కొత్త సిలిండర్లు తెప్పించి పెట్టమని మార్కాపురం మామయ్యకు కబురు కూడా చేశాడు. పెడల్ బాగానే నిలబడింది. ఊళ్ళ మీద తిరగడానికి అది చాలుననే అనుకున్నాం.

ఒకరోజు పొద్దున్నే ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. గిద్దలూరు ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలి, నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొండి, ఆలస్యం చేయొద్దు అన్నది. నంద్యాలంటే మధ్యలో నల్లమల, దిగువమెట్ట దాటాక ఘాటు రోడ్డు. బస్సు వెళ్ళిపోయింది. రైలుకు ఇంకా చాలా పొద్దు ఉంది. జీపు వెనక బొంతలు పరిచి ఆడబిడ్డను పడుకోబెట్టి, తల దగ్గర మా అత్త కూర్చుంటే, నేను ముందు సీట్లో మా ఆయన పక్కన కూర్చున్నాను.

ఘాటు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు అంతా బాగానే ఉంది. పైకి పోతూంటే ఒక మలుపులో గొడ్ల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. ఆయన మోకాలు మామూలు కన్నా కిందికి పోవడం నేను చూశాను. వెంటనే మళ్ళీ తొక్కాడు, ఈసారి బండి ఆగింది. మంద దాటిపోయాక బండి కదిలించి, పైకి ఎక్కి, దిగుడు మొదలవడానికి ముందు చదునుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపేశాడు. దిగి వెనక చక్రాల దగ్గరకు పోయి వంగి చూశాడు. ఎడమ టైరు లోపలి వైపు పైనుంచి కిందిదాకా తడిసి, దానికి దుమ్ము అంటుకుని ఉంది.

"ఏంది నాయనా ఇక్కడ ఆపినావు? పిల్ల అల్లాడిపోతా ఉంది!" అని మా అత్త కేక వేసింది.

"బ్రేకు పోతా ఉందమ్మా. ఇట్లనే దిగితే నలుగురం లోయలో ఉంటాం."

"నిదానంగా పోరా. దేవుడు కాస్తాడు పద."

"కాస్తాడులేమ్మా. ఆ కాసే దేవుడే బ్రేకు సంగతి ఇక్కడ పైనే చూపించినాడు, సగం దిగినాక కాదు."

మా అత్త కూతురి వైపు వంగింది. ఆమె చేతుల్లో ఆడబిడ్డ చెయ్యి ఉంది, ఆ వేళ్ళు నొప్పికి తెల్లబడిపోయి ఉన్నాయి. ఆ దారిన ఏదైనా లారీ వస్తుందేమోనని నేను రోడ్డు మధ్యలో నిలబడి రెండు వైపులా చూశాను. ఎండకు రోడ్డు మెరుస్తోంది తప్ప అలికిడి లేదు. నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు లోపలినుంచి ఆడబిడ్డ మెల్లగా అన్న మాట నాకు ఈనాటికీ చెవిలోనే ఉంది.

"అన్నా, నువ్వు తొందరపడాకు. సరిగ్గా చేసుకో. నేను ఓర్చుకుంటా."

మా ఆయన చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, సామాన్ల రేకుడబ్బా తీసి జీపు కింద పడుకున్నాడు. కారే చక్రాన్ని మిగతా మూడింటి నుంచి వేరు చేయాలి. వెనక ఇరుసు మీద పైపులు కలిసే చోట, ఎడమ చక్రానికి పోయే పైపు నట్టు విప్పి, ఆ సందులో సైకిలు బేరింగు గుండు ఒకటి పెట్టి మళ్ళీ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇది మామయ్య చెప్పిన చిట్కా, ఎన్నడూ చేసి చూసింది కాదు. మొదట పెట్టిన గుండు చిన్నదయింది, బిగించినా ఆయిల్ ఊరుతూనే ఉంది. డబ్బాలోని మేకులూ నట్లూ అన్నీ నేను నా కొంగులో కుమ్మరించుకుని వెతికితే, కొంచెం పెద్ద గుండు ఇంకొకటి దొరికింది. అది సరిగ్గా కూర్చుంది.

ఇక గాలి తీయాలి. బండి ఫ్లోరు కింద ఉండే బ్రేకు ఆయిల్ డబ్బాలో ఆయిల్ పోసి, నేను డ్రైవరు సీట్లోకి ఎక్కాను. మా దగ్గర ఉన్నది సగం టిన్ను ఆయిలే. అది అయిపోయేలోపు గాలి పోవాలి, పోకపోతే ఇక అంతే. మా ఆయన మొదట కుడి వెనక చక్రం దగ్గర పడుకున్నాడు.

"తొక్కు మే."

"తొక్కినా."

"పట్టుకో."

"పట్టుకున్నా."

నా వెనక ఆడబిడ్డకు నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె మూలుగు, మా అత్త ప్రార్థన, బండి కింద నుంచి మా ఆయన మాట, మూడూ ఒకేసారి వినబడేవి. నొప్పి తీవ్రమై ఆమె గట్టిగా అరిచినప్పుడు నా ఒళ్ళంతా వెనక్కి తిరగబోయింది. కాలు మాత్రం కదలనివ్వలేదు. పంటి కింద పెదవి పట్టుకుని ఆ పెడల్‌ను అట్లాగే అదిమి పట్టాను. నిప్పిల్ బిగించి ఆయన "వదులు" అన్నాకే వదిలాను. ముందు చక్రాల దగ్గర కూడా అట్లాగే చేశాం. టిన్నులో ఆయిల్ అడుగంటుతూ ఉండగా, నా పాదం కింద పెడల్ మెల్లమెల్లగా గట్టిపడటం తెలిసింది. మెత్తటి బురదలో నడుస్తూ నడుస్తూ రాతినేల మీద అడుగుపెట్టినట్టు.

"నిలబడింది! ఇదో, నిలబడింది!" అని అరిచాను.

ఆయన లేచి వచ్చి, ఒంటికి అంటిన మట్టి దులుపుకోకుండానే సీట్లో కూర్చుని, బండిని ఆ చదును మీద కొంచెం నడిపి బ్రేకు తొక్కాడు. ఆగింది. మళ్ళీ నడిపి తొక్కాడు. ఆగింది. రాళ్ళు తీసి పక్కన పారేసి దిగుడు మొదలుపెట్టాం. రెండో గేరు దాటకుండా, ఇంజనే బండిని పట్టుకునేట్టుగా, బ్రేకు అవసరమైన చోటే వాడుతూ, కొండచరియ వైపే ఒరుసుకుంటూ దించాడు. గాజులపల్లె వచ్చి, చెట్లు పలచబడి, ఎదురుగా చదునైన చేలు కనబడేసరికి, మా అత్త వెనకనుంచి చెయ్యి చాపి కొడుకు భుజం మీద ఒకసారి వేసి తీసేసింది.

నంద్యాలలో ఆపరేషన్ చేశారు. నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు అని చెబితే, మా అత్త వరండాలోనే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేసింది. మా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన చేతులు తానే చూసుకుంటున్నాడు. నేను పోయి పక్కన కూర్చుంటే, ఆయన మొహాన నవ్వు వచ్చింది.

"దిగేటప్పుడు చూసినా. నేను తొక్కినప్పుడల్లా నువ్వు కూడా ఆ పక్కన రేకును తొక్కతా ఉంటివి."

నాకు ఆ సంగతే తెలియదు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను. అప్పుడు వచ్చిన ఆకలి లాంటి ఆకలి నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఎదురుగా హోటల్లో బొరుగుల ఉగ్గాణి తిని, నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని అక్కడే నిద్రపోయాను.

మామయ్యకు ఫోను చేసి కబురు చెప్పాం. మర్నాడు ఆయన మార్కాపురం నుంచి మీటరుగేజి రైల్లో దిగాడు. పసిబిడ్డను చూడటానికి వచ్చిన మనిషి ఒక చేతి సంచిలో బత్తాయిలు, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన రెండు కొత్త వీల్ సిలిండర్లు పట్టుకుని వచ్చాడు. మేనకోడలిని పలకరించి, బిడ్డను ఎత్తుకుని, తిన్నగా ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద ఆపిన జీపు దగ్గరకు పోయాడు. ఎడమ డ్రమ్ము విప్పి పాత సిలిండర్‌ను ఊడదీసి, లోపలి గోడను వెలుగుకు పట్టి మా ఆయనకు చూపించాడు. తుప్పు తిన్న గుంటలు సూదిమొనల్లా ఉన్నాయి. వాటికి రాసుకుని కొత్త రబ్బరు అంచు చిరిగిపోయింది. మందలించలేదు. "గుంటలు పడినదాన్లో కొత్త రబ్బరు నిలవదురా నాయనా. ఒకటి పోయిందంటే రెండోది కూడా అదే వయసుది, రెండూ మార్చాల," అని మాత్రం అన్నాడు. ఆయిల్ పీల్చిన షూలు కూడా తీసేసి కొత్తవి వేశారు.

నేను ఆడబిడ్డకు జావ తాగించి వచ్చేసరికి గాలి తీసే పని సగం అయిపోయింది. సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతున్నది ఎవరనుకున్నారు? మా అత్త. తమ్ముడు "తొక్కక్కా" అనడం, ఆమె "తొక్కినా ప్రభువా" అనడం. "నేను ప్రభువును కాదక్కా," అని కిందనుంచి మామయ్య అంటే, "నీకు కాదులేరా చెప్పింది," అని ఆమె జవాబు. ఆ రోజు నుంచి ఇనుప గొడ్డు అన్న మాట మా అత్త నోట మళ్ళీ నేను వినలేదు.

ఆ తరువాత ఏటా వానలు పడకముందే వెనక డ్రమ్ములు రెండూ విప్పి, దుమ్ము తుడిచి, రబ్బరు తొడుగులు ఎత్తి తడి ఉందేమో చూసి, ఆయిల్ మార్చడం మా ఇంట్లో వడియాలు పెట్టుకోవడం లాంటి పని అయిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ టైర్ల లోపలివైపు ఒకసారి వంగి చూడటం నాకు అలవాటైంది. పుల్లలచెరువు దాకా, ఇటు కనిగిరి దాకా, ఎన్ని పెళ్ళిళ్ళకు, ఎన్ని కాన్పులకు, ఎన్ని పాముకాట్లకు ఆ జీపు పోయిందో చెప్పలేను. బ్రేకు మాత్రం మమ్మల్ని ఇంకెప్పుడూ భయపెట్టలేదు. మామయ్య పోయారు, మా అత్తా మామలూ పోయారు. జీపును పొదిలి వైపు మనిషెవరో కొనుక్కుపోయాడు. మా ఆయన స్టీరింగు వదిలి చాలా కాలమైంది, ఇప్పుడు పొద్దున సాయంత్రం నడిచి ఒంట్లో చక్కెర అదుపులో పెట్టుకుంటున్నాడు. మొన్న షెడ్డులో మాత్రం ఆ మెకానిక్ నిప్పిల్ బిగించి "వదలండమ్మా" అనేదాకా నా కుడికాలు పెడల్ మీంచి లేవలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఫోను చేయడమే ఆలస్యం, అంబులెన్సు వచ్చేస్తుంది. రోడ్లు వెడల్పయ్యాయి, ఆసుపత్రులు దగ్గరయ్యాయి. కాన్పు నొప్పులు పడుతున్న పిల్లను ఘాటు మీద ఎండలో ఆపి బండి కింద దూరాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ మాట అనుకున్నప్పుడల్లా గుండె మీద నుంచి ఒక బరువు దిగినట్టు ఉంటుంది, ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను.

కానీ అప్పట్లో జీపు స్టార్టయిన చప్పుడు వినబడితే వీధి వీధంతా గడపల్లోకి వచ్చేది. ఎవరికేమైంది, ఎవరు తోడు పోతున్నారు, పిల్లలకు అన్నం ఎవరు పెడతారు అన్నవన్నీ బండి కదిలేలోపే తేలిపోయేవి. మొన్న పక్క వీధిలోకి అంబులెన్సు వచ్చింది. నేను చేతి పని వదిలి గడపలోకి వచ్చేసరికి, అద్దాలు మూసుకుని మెయిన్ రోడ్డెక్కి పోయింది. ఎవరికి బాగాలేదని అడుగుదామని అటూ ఇటూ చూశాను. తలుపులన్నీ వేసి ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడి, ఎవరో ఏమోగానీ క్షేమంగా చేరాలని అనుకుని లోపలికి వచ్చేశాను.